మూడో భాగంలో చనిపోయినవాడు

భార్య మోకాలు అతని వెన్నుకు ఆనించి, నడుం చుట్టూ పట్టీ బిగించి లాగుతోంది. నాలుగు చుట్లయ్యేసరికి అతనికి ఊపిరాడటం కష్టమైంది. కష్టమైతేనే సరిగ్గా కట్టినట్టు.

"చచ్చిపోయినవాణ్ణి మళ్లీ లేపుతున్నారటగా," అంది ముడి వేస్తూ.

"చావలేదట. పడుతూ పడుతూ మధ్యలో దూలం పట్టుకున్నాడట."

"మరి మీ నడుం ఎందుకు విరిగిందట?"

అతను నవ్వి చొక్కా తొడుక్కున్నాడు.

అతను హీరోకి డూపు. ముఖం ఎవరికీ తెలియదు. ఆ సినిమా మూడో భాగం చివర్లో, పిల్లలు వంతెన దాటేదాకా కోట తలుపును ఒంటరిగా కాసి, ఒంటినిండా బల్లేలు దిగబడ్డాక గోడ మీంచి వెనక్కి ఒరిగిపోయింది హీరో కాదు, అతనే. కింద వేసిన పరుపు అంచు తగిలి నడుం విరిగింది. ఆ పడటం చూసి హాళ్లలో జనం వెక్కివెక్కి ఏడ్చారు. ఇరవై ఏళ్లుగా "గోడలు దూకేవాడు" అని ఈసడించిన మామగారు ఆ చీకట్లో అతని చెయ్యి పట్టుకుని, "బాగా పోయావయ్యా అల్లుడూ," అన్నాడు. జీవితంలో అతనికి దక్కిన మెప్పు అదొక్కటే.

ఆ రోజు పొద్దున్న నాలుగో భాగానికి పోరాటం తీశారు. పన్నెండు మంది చుట్టుముట్టారు. అతను ఒకడి దవడ మీద మోచేత్తో కొట్టాడు, ఇంకొకణ్ణి జుట్టు పట్టి గోడకేసి మోదాడు, మూడోవాడి గొంతు మీద కాలు పెట్టి తొక్కాడు. ఉత్తుత్తి రక్తం కళ్లలోకి కారుతోంది. మూడోసారి తీస్తుండగా, కొత్తగా చేరిన ఫైటరు కర్ర తిప్పడంలో గురి తప్పాడు. రబ్బరు చుట్టని పిడి అతని ఎడమ పక్కటెముకల కింద బలంగా తగిలింది. తడిబట్ట బండకేసి కొట్టిన చప్పుడు. అతను మోకాలి మీద కూలబడి, దాన్నే ఎత్తుగా మార్చుకుని లేచి, మిగిలిన ముగ్గుర్నీ పడగొట్టాడు. దర్శకుడు ఓకే అన్నాడు.

ఫైటరు పరుగెత్తుకొచ్చాడు. "అన్నా, గట్టిగా తగిలిందా?"

"ఫైట్ మాస్టారికి చెప్పకు. చెప్తే మధ్యాహ్నం షాట్ ఇంకెవడికో ఇస్తారు. పడింది నేను. లేచేది కూడా నేనే."

భోజనాల దగ్గర దర్శకుడు పక్కన కూర్చుంటే ఉండబట్టలేక అడిగాడు. "సార్, ఆయన ప్రాణం పోయింది కాబట్టే కదా ఆ పిల్లలు దాటడం గుర్తుంది. ఇప్పుడు బతికే ఉన్నాడంటే జనం ఏడ్చిందంతా ఏం కావాలి?"

"జనమే బతికించమంటున్నారు," అని దర్శకుడు లేచిపోయాడు.

ఎదురుగా తింటున్న ఫైటరు తల దించుకుని అన్నాడు. "ఆయన చచ్చిపోతే పని లేక మేం ఇంట్లో కూర్చోవాలన్నా. నాకిద్దరు పిల్లలు."

అతను కంచం పక్కకు నెట్టాడు. చల్లటి చెమట పడుతోంది.

మధ్యాహ్నం గోడ మీంచి దూకాడు. నడుముకున్న తాడు కొంతదూరం వదులుగా వచ్చింది. దూలం చేతికి తగలగానే భుజం ఊడొచ్చినంత పనైంది. కడుపులో ఏదో చిరిగినట్టు మంట. పది లెక్కపెట్టేదాకా ఒంటిచేత్తో వేలాడాలి. వేళ్లు వదిలేస్తే చాలు, కథ మళ్లీ ఉండాల్సిన చోట ఉంటుందనిపించింది. కిందికి చూశాడు. తాడు పట్టుకున్న ఫైటరు మెడ రిక్కించి అతన్నే చూస్తున్నాడు. అతను పళ్లు కరిచి పట్టు బిగించాడు.

ఓకే. అందరూ చప్పట్లు కొట్టారు.

కిందికి దిగి, అట్టగోడ నీడలో చేరగిలబడి, "కాసిని మంచినీళ్లు తేవోయ్," అన్నాడు. ఫైటరు నీళ్లు తెచ్చేసరికి అలాగే కూర్చుని ఉన్నాడు. కళ్లు సగం తెరిచే ఉన్నాయి. పొట్ట చెక్కలా గట్టిపడింది. మాస్టారు అతని మెడ మీద వేళ్లు పెట్టి చూసి, మెల్లగా తీసేశాడు. అవతల మైకులో ఎవరో తర్వాతి షాట్‌కి డూపును రమ్మని పిలుస్తున్నారు.

అతన్ని ఎక్కించుకున్న బండి వెళ్లిపోయాక గోడ వార హీరో పొడుగు జుట్టు విగ్గు పడి ఉంది, లోపలి పట్టీ చెమటకు తడిసి ఇంకా ఆరలేదు.