మిరప కళ్లంలో పరామర్శలు

నాకు గర్భసంచిలో కేన్సరని ఊరంతటికీ తెలుసు, ఒక్క నాకు తప్ప. మా ఆయన వెంకటప్పయ్య ఖమ్మం డాక్టరిచ్చిన కాగితాన్ని బీరువాలో దాచి, నాతో వేడి చేసిందని చెప్పాడు. పిచ్చిమొహాన్ని, ఇరవై రోజులు సబ్జా నీళ్ళు తాగాను.

ఎనభయ్యారు మార్చిలో మా మేనత్త పద్మావతమ్మ మా ఊరు వేంసూరు వచ్చి, నన్ను వాటేసుకుని కేన్సరు పేరెత్తి ఘొల్లుమంది. అలా బయటపడింది సంగతి. కాగితం వెతికి తీసి కాంపౌండరు చేత చదివించాను. వెంటనే హైదరాబాదు తీసుకెళ్ళి, రేడియేషనంటారే, ఆ కరెంటు పెట్టించాలని ఉందట.

మా ఆయన్ని నిలదీశాను. కరెంటు పెడితే ఒళ్ళు కాలిపోతుందట, వెళ్ళినవాళ్ళు తిరిగి రారట, ఇంట్లోనే ప్రశాంతంగా ఉండమన్నాడు. అంటే ప్రశాంతంగా చావమనేగా. ఒళ్ళు మండిపోయింది. భయమూ వేసింది, అబద్ధమెందుకు.

మర్నాటి నుంచి పరామర్శలు. బ్రెడ్డూ బత్తాయిలూ పట్టుకొచ్చి, నా మొహం చూసి ముక్కులు చీదడం. మాకేమో ఇంటి ముందు మిరప కళ్లంలో కాయలు గుట్టలుగా ఉన్నాయి. వచ్చినవాళ్ళను వచ్చినట్టే అక్కడ కూర్చోబెట్టి, తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతూ ఏడవమన్నాను. ఘాటుకి తుమ్ములు అందుకుని మా మేనత్త ఏడుపు మర్చిపోయింది. మా ఆయనకి పరువు పోయినంత పనైంది.

మూడో రోజు, మాకు కూలికొచ్చే వెంకమ్మ వచ్చింది. ఏడవలేదు. కాయలేరుతూ, "దవాఖానకు ఎప్పుడు పోతున్నవమ్మా?" అంది. అంతమందిలో ఆ మాట అడిగింది తనొక్కతే. తన చెల్లెలికీ ఇదే జబ్బట. కరెంటు పెట్టిన నలభై రోజులూ ఆసుపత్రి వరండాలో తనే వండిపెట్టిందట. చెల్లెలిప్పుడు నాట్లకు పోతోందట. ఈ జబ్బు వచ్చి బతికినవాళ్ళ కబురు వినడం నాకదే మొదటిసారి. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. "నేనొస్త తియ్," అంది వెంకమ్మ.

గుమ్మంలో నిలబడి వింటున్న మా ఆయన, అక్కడ ప్రాణం మీదికొస్తే ఎలాగన్నాడు.

"ఇక్కడుంటే పోనా? నాకు బతకాలనుంది. ఎల్లుండి పొద్దున్నే వెళ్తున్నాం. మీ ఇష్టం, వస్తే రండి, లేకపోతే కాయలేరుకోండి."

ఆ పొద్దున సత్తుపల్లి బస్టాండుకి మా ఆయనా సంచి పట్టుకుని మా వెనకే వచ్చాడు. బస్సులో కండక్టరు, ముగ్గురూ హైదరాబాదుకేనా, ఏదైనా శుభకార్యమా అని నవ్వుతూ అడిగాడు. మా ఆయన నేలచూపులు చూస్తూ పెళ్ళికని గొణిగాడు.

"కేన్సరు నాయనా, నాకు," అన్నాను, బస్సంతా వినపడేలా. "నయం చేయించుకోడానికి పోతున్నా."

మా ఆయన తలెత్తి, "అవునండీ, మా ఆవిడకి కేన్సరు. మూడు టిక్కెట్లివ్వండి," అన్నాడు.