పోశం చెయ్యి ఆగిన చోటు

ఆ ఏడు ఆసిఫాబాద్ జాతర కుస్తీల్లో ఎవరి నోట విన్నా ఒకటే గెలుపుల లెక్క. లచ్చయ్య ఆరు, పోశం ఆరు. బెల్లంపల్లి బొగ్గుబాయి లచ్చయ్య గొప్పా, కరీంనగర్ తాలీంలో కసరత్తు చేసిన పోశం గొప్పా అని పదకొండేళ్లుగా జనం చాయ్ హోటళ్లలో గొంతులు చించుకుంటూనే ఉన్నారు. పోలీసు చర్య జరిగిన మరుసటేడు మొదటిసారి తలపడ్డారు ఇద్దరూ. లచ్చయ్యది దూకుడు కుస్తీ. పట్టాడంటే ఎత్తి కుదేయాలి, లేదా తానే పడాలి. పోశం అలా కాదు, ఎదుటివాడికి ఆయాసం వచ్చేదాకా జిడ్డులా అంటుకునే ఉంటాడు. ఇంతకూ వీళ్లను కొలిచేవాళ్లలో సగం మందికి లంగోటీ కట్టుకోవడం కూడా రాదు.

పదమూడో కుస్తీకి వచ్చిన లచ్చయ్య ఒక సంగతి దాచిపెట్టాడు. మూడు నెలల కింద బాయిలో పైకప్పు పెళ్ల ఊడి అతని ఎడమ భుజం మీద పడింది. ఎముక అతుక్కుంది గానీ, మళ్లీ విరిగితే చెయ్యి ఇక పైకి లేవదని డాక్టర్ చెప్పాడు. చెయ్యి లేవకపోతే బొగ్గు తట్ట ఎత్తలేడు. తట్ట ఎత్తనివాడికి బాయిలో పని లేదు, కంపెనీ ఇల్లూ లేదు.

"జరమొచ్చిందని కబురు పంపు, ఏమైతది?" అంది భార్య దుర్గవ్వ.

"ఆరు ఆరు మీదున్నం. ఇప్పుడు పోకుంటె బయపడి దాక్కున్నడంటరు."

"అంటె అననియ్యి. మాటలకు బుజం ఇరగది."

లచ్చయ్య మొండిగా రైలెక్కాడు. తిట్టుకుంటూ ఆమె కూడా వెంట వచ్చింది.

బరిలో దిగాక ఒక ఆచారం ఉంది. చెమటకు పట్టు జారకుండా, ఎదుటివాడి ఒంటికి మనమే ఎర్రమట్టి రుద్దాలి. పోశం దోసిలినిండా మట్టి తీసుకుని లచ్చయ్య మెడకు రుద్దాడు, కుడి భుజానికి రుద్దాడు. ఎడమ భుజం మీదికి వచ్చేసరికి లచ్చయ్య ఒళ్లు దానంతటదే ముడుచుకుంది. ఎముక అతికిన చోట బుడిపె లేచి ఉంది. పోశం చెయ్యి అక్కడ ఆగింది. ఒకసారి లచ్చయ్య కళ్లలోకి చూసి, నడుముకు మట్టి రుద్దాడు.

పదకొండేళ్ల పగవాడికి భుజం సంగతి తెలిసిపోయింది, ఇక ఇల్లు పోయినట్టే అనుకున్నాడు లచ్చయ్య.

కుస్తీకి తీర్పరిగా నిలబడ్డ పంచాయితీ పెద్ద అంతయ్య ఉస్తాద్ ఇద్దరి చేతులూ కలిపి వదిలాడు. అరగంట పెనుగులాడారు. పోశం వచ్చిన ప్రతిసారీ కుడివైపే వచ్చాడు. ఒకసారైతే వెనక చేరి, లచ్చయ్య ఎడమ చెయ్యి చేతిలోకి చిక్కినా దాన్ని వదిలేసి నడుము పట్టాడు. చివరికి అంతయ్య ఇద్దరూ సమానమేనని తేల్చి "బరాబర్!" అని అరిచి చెరో చెయ్యి పైకెత్తాడు. లచ్చయ్య తొందరగా కుడిచెయ్యే అందించాడు. జనం సణిగారు. దుర్గవ్వ మాత్రం ఉన్నచోటే చతికిలబడి కొంగుతో మొహం తుడుచుకుంది.

బావి దగ్గర మట్టి కడుక్కుంటుంటే పోశం పక్కన చేరాడు.

"ఎందుకిడిసిపెట్టినవ్?" అన్నాడు లచ్చయ్య.

"నిరుడు కరీంనగర్ల నా మోకాలు తప్పి ఉండె లచ్చన్నా. మట్టి రాస్తుంటె నీకు ఎరుకైంది. అయినా గా కాలు ముట్టకుండ ఆడి, ఓడిపోయినవ్. గది నేను మర్సిపోతనా?"

ఊరుకుంటే లచ్చయ్యకు ఆ మంచిపేరు ఉచితంగా దక్కేది. కానీ ఇందాక తన చెయ్యి కాపాడినవాడితో అబద్ధమాడటానికి మనసొప్పలేదు.

"నాకు తెల్వదు పోశం. మోకాలు నేను సూడనే లే. తెలిసుంటె గా కాలే పట్టి గుంజుదును."

పోశం చెంబు కింద పెట్టి, ఒక్కసారిగా పగలబడి నవ్వాడు. "అరె! ఏడాదంత నిన్ను దేవుని లెక్క తలుసుకుంటినిగదనే!"

లచ్చయ్యకూ నవ్వు ఆగలేదు. పొద్దుటి నుంచి బిగబట్టిన ఊపిరంతా ఆ నవ్వులో బయటికి వచ్చింది. భుజం నొప్పి పెట్టినా హాయిగానే ఉంది.

"ఇగ మల్ల ఎప్పుడు?" అన్నాడు పోశం.

"ఇగ లేదు. ఆరు ఆరు. సాలు."

లచ్చయ్య వంగి, నిరుడు చూడని ఆ మోకాలి మీద చెయ్యి వేశాడు. ఎముక నిజంగానే పక్కకు ఒరిగి ఉంది.

"నొస్తదా?" అని అడిగాడు.

"నొస్తది," అన్నాడు పోశం, ఇంకా నవ్వుతూనే.