పదిహేడో నంబరు గాజు

నేను ఒక గాజు బిళ్లను. చొక్కా బొత్తాం కంటే కాస్త పెద్దగా ఉంటాను. రాయలసీమలో ఒక విశ్వవిద్యాలయం, అందులో భౌతికశాస్త్ర విభాగం, దాని వెనక కొలిమి గది. నేను పుట్టింది అక్కడే. ఓబులమ్మ అనే పరిశోధక విద్యార్థిని నాలుగు రకాల పొడులు తూచి కలిపి, ప్లాటినం మూసలో కరిగించి, ఇత్తడి పలక మీద పోసింది. చల్లారాక నన్ను డబ్బాలో పెట్టి, మూత మీద 'పదిహేడు' అని రాసింది.

నాకంటే ముందు పుట్టిన పదహారు బిళ్లలూ దీపం వేస్తే వెలిగేవి, ఆర్పితే ఆరిపోయేవి. నేను ఆరలేదు. చీకటి గదిలో దీపం ఆర్పాక కూడా పదకొండు నిమిషాలు పచ్చగా వెలిగాను. ఆమె నా వెలుగులోనే చేతిగడియారం చూసుకుంది. ఎవరినీ పిలవలేదు. తలుపు తీస్తే నేను ఆరిపోతానని భయపడింది కాబోలు.

ఆ పదకొండు నిమిషాల మీద ఒక వ్యాసం అచ్చయింది. డాక్టరేటు వచ్చింది, అక్కడే ఉద్యోగమూ వచ్చింది. నేను చేసిందల్లా ఆరకుండా ఉండటమే.

తర్వాత పన్నెండేళ్లు ఆమె నాకొక జత కోసం వెతికింది. అవే పొడులు, అదే వేడి, నలభై మూడు బిళ్లలు. ఒక్కటీ దీపం ఆర్పాక నిలవలేదు. వేరే ఊళ్ల నుంచి ఉత్తరాలు వచ్చేవి. మాకు రాలేదు, మీకెలా వచ్చిందని. ఆమె వాటిని నా డబ్బా కిందే దాచేది. పెళ్లిళ్లకు పోవడం మానేసింది. కొలిమి ముందు ఒక్కతే కూర్చుని తన చేతుల వంక చూసుకునేది.

కొలిమి గదిలో పాత్రలు కడిగే చెన్నప్ప పదవీ విరమణ రోజు, టీ తాగుతూ ఆమె దగ్గరికొచ్చాడు.

"మేడమ్మా, ఒక మాట. నీ పదిహేడో గాజప్పుడు కడిగే యాసిడ్ అయిపోయుండె. మూసను ఉత్త నీళ్లతోనే కడిగిచ్చినా. అంతకుముందు పక్క గదోళ్లు దాంట్లో ఏందో కరిగించినారు. తిడతావని చెప్పలే."

ఓబులమ్మ తిట్టలేదు. "టీ చల్లారిపోతాంది, తాగు చెన్నప్పన్నా" అంది.

అక్కడి నుంచి నేరుగా తన గురువు నరసింహులు గారి గదికి వెళ్లింది. నేను ఆమె గుప్పిట్లోనే ఉన్నాను.

"నా గాజులో వేరే ఏదో రసాయనపు ఉప్పు కలిసిందేమో సార్. సగం కోసి, పొడి చేసి పరీక్షకు పంపుతా."

"ప్రొఫెసర్ ఇంటర్వ్యూ వచ్చే నెల్లో పెట్టుకోని ఇప్పుడిదేంది పాపా? ఇన్నేండ్లలో ఎవురన్నా అడిగినారా?"

"అడిగినారు సార్. ఉత్తరాలు రాసి మరీ అడిగినారు. నేనే జవాబియ్యలే."

వజ్రపు రంపం నన్ను రెండు ముక్కలు చేసింది. ఒక సగం పొడై వెళ్లిపోయింది. మూడు వారాలకు కాగితం వచ్చింది. పక్క గదివాళ్ల ఉప్పు నాలో ఉంది, చిటికెడు కూడా కాదు. నేను వెలిగింది దానివల్లే. ఆ ఉప్పుతో గాజును వెలిగించడం అప్పటికే వేరెవరో చేసేశారు. ఓబులమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, చేతులు చాచి చూసుకుంది. వాటి తప్పేమీ లేదు. వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నానని పత్రికకు రాసింది. పాత ఉత్తరాలన్నిటికీ కూర్చుని జవాబులు రాసింది.

ప్రొఫెసర్ పదవి ఆమెకు రాలేదు. ఆ తర్వాత ఆమె దగ్గర పరిశోధనకు చేరిన విద్యార్థులూ తక్కువే. ఏడాదికొకసారి మాత్రం నన్ను చీకటి గదికి తీసుకెళ్లి, దీపం వేసి ఆర్పి, నిమిషాలు లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాసుకునేది. సగమైనా నా వెలుగు ఒక్క నిమిషం కూడా తగ్గలేదు.

ఉద్యోగంలో చివరి రోజు కూడా నన్ను తీసుకెళ్లింది. నోటుపుస్తకం తేలేదు. గడియారం విప్పి బల్ల మీద పెట్టి దీపం ఆర్పింది. నేను వెలిగినంతసేపూ ఆమె ముఖం కనిపించింది. తర్వాత చీకటి. ఆమె తలుపు తీసిన చప్పుడు మాత్రం చాలాసేపటిదాకా వినిపించలేదు.