లైన్లో మొదటి రాయి

గూడ్సు గార్డుగా నా బతుకంతా రైలు చివరి డబ్బాలోనే గడిచింది. మా ఆవిడ నల్లమ్మ మాత్రం ఎక్కడైనా మొదట ఉండాల్సిందే. గుంతకల్లులో మా వీధి కొళాయి దగ్గర మొదటి చోటు ఆమెది. అది ఊరికే రాలేదు. ఏళ్ల తరబడి పోట్లాడి, ఒకరిద్దరి జుట్లు కూడా పట్టుకుని సంపాదించింది. మా కొళాయికి నీళ్లు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. వచ్చినా నాలుగు బిందెలు నిండేసరికి గాలి బుస్సుమంటుంది. అందుకని అందరూ తమ తమ రాళ్లు వరసగా పెట్టి పోతారు. నీళ్లు రాగానే రాయి తీసి బిందె పెడతారు. నల్లమ్మ రాయి నేను యార్డులో పట్టాల పక్కన ఏరి తెచ్చిన కంకర రాయి.

ఎనభయ్యారు ఎండాకాలంలో రిటైరయ్యాను. చేతిలో పాసు ఉంది. ఇన్నేళ్లూ ఎవరెవరి సిమెంటు బస్తాలనో ఊళ్లు తిప్పాను, ఇక పెళ్లాన్ని తిప్పుదామనిపించింది.

"కొండల మీద చెరువులు చూపిస్తా, రా" అన్నాను.

"నీళ్లుంటాయా వాటిల్లో?" అని అడిగింది. మా జిల్లాలో అది అడగదగిన ప్రశ్నే.

ఉంటాయని ఒట్టేశాక ఒప్పుకుంది. రాయిని పక్కింటి సుంకమ్మకు అప్పగించి, "వచ్చేదాకా నా రాయి కదలగూడదు. కదిలిందా, నిన్ను వదిలిపెట్టేది లేదు" అని చెప్పి రైలెక్కింది.

ముందు నాసిక్‌లో దిగాం. ఎటు చూసినా ద్రాక్ష తోటలు. ఒక తోటలో ద్రాక్ష సారాయి తీసే షెడ్డుంటే, దాని యజమాని మాకు చెరో గ్లాసు రుచి చూపించాడు. నల్లమ్మ వాసన చూసి మొహం చిట్లించి, అతనితో తెలుగులోనే, "ఏమప్పా, ఇది పులిసిపోయినాది. పారబోసి కుండ కడుక్కో" అని సలహా ఇచ్చింది. అతను తల ఊపి నవ్వాడు. నేను ఒక సీసా కొన్నాను. చల్లటి చెరువు గట్టున కూర్చుని తాగాలని, దాన్ని దుప్పట్లో చుట్టి పసిబిడ్డలా మోసుకుపోయాను.

కాఠ్‌గోదాంలో రైలు దిగి, బస్సులో నైనితాల్ కొండెక్కాం. చెరువు చూసి నల్లమ్మకు నోట మాట రాలేదు. పెళ్లయ్యాక అలా జరగడం అదే మొదలు. కాసేపటికి తేరుకుని చుట్టూ చూసింది.

"దీనికి లైను యాడుండాదయ్యా?"

"లైనేమీ లేదే. ఎవరైనా ముంచుకోవచ్చు."

ఆమె నమ్మలేదు. లాడ్జీకి పోగానే బక్కెట్లు, చెంబులు, గ్లాసులు, ఆఖరికి నా సబ్బు డబ్బా కూడా నింపిపెట్టింది. చెరువు ఎక్కడికీ పోదని నేను నవ్వితే, "మన ఊరి చెరువును గూడా అట్లే అనుకొంటిమి" అంది.

తర్వాత భీంతాల్ చూశాం. అక్కడినుంచి, ఒకేచోట ఏడు చెరువులున్నాయని చెప్పుకునే సాత్‌తాల్‌కు పోయాం. అక్కడ ఆమెకు కోపమే వచ్చింది. "ఒక ఊరికి ఏడా? అడిగేవాళ్లే లేరా?" అని పడవవాణ్ణి నిలదీసింది. పడవలో కూర్చున్నా ముందు మా పడవే పోవాలని పట్టుపట్టి, కొత్తగా పెళ్లయిన ఒక జంటతో గొడవ పెట్టుకుంది. ఇంత చేసినా మనసంతా గుంతకల్లులోనే. ఏ చెరువు గట్టున కూర్చున్నా, "ఈపాటికి కొళాయి వచ్చింటాది. నా రాయి ఉండాదో లేదో" అనేది.

చివరి రోజు సాయంత్రం చలి కొరుకుతుంటే ఆశగా నా సీసా తీశాను. నిండుగానే ఉంది, కానీ నీళ్లతో.

"పులిసింది పారబోసి చెరువు నీళ్లు పట్టినా. సుంకమ్మకు చూపించల్ల" అంది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

గుంతకల్లులో దిగగానే ఇంటికైనా పోకుండా కొళాయి దగ్గరికి పరుగెత్తింది. రాయి కదల్లేదు. కానీ ఒళ్లంతా పసుపు, కుంకుమ. చుట్టూ వేపాకు, టెంకాయ చిప్పలు.

"ఎవురూ కదిలియ్యకుండా నేనే పసుపు పూసినా అక్కా" అంది సుంకమ్మ. "ఆ పొద్దే కొళాయి మధ్యాన్నం దాకా వచ్చె. ఇంక అందరూ టెంకాయలు కొట్టబట్టిరి."

నల్లమ్మ వంగి రాయి తీయబోతే ఆడవాళ్లంతా చెయ్యి పట్టుకున్నారు.

"అది నా రాయి."

"గంగమ్మ తల్లిని పట్టుకొని నీ రాయంటావా?"

రెండో రాయి సుంకమ్మది, దాని వెనక అందరివీ ఉన్నాయి. నల్లమ్మ పోయి చివర్లో నిలబడింది. ఆ చోటు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

అంతలో కొళాయి బుస్సుమని నీళ్లు మొదలయ్యాయి. నల్లమ్మ నా సంచిలోంచి సీసా లాక్కుని ముందుకు నడిచింది.

"జరగండమ్మా. తల్లికి కొండ మీది నీళ్లు తెచ్చినా."

రాయి మీద పోసింది. సారాయి వాసన ఇంకా పోలేదు. ద్రాక్ష పరిమళం గుప్పుమంది. ఆడవాళ్లు కళ్లు మూసుకుని దండం పెట్టారు.

"రోజూ మొదటి బిందె తల్లికి పట్టల్ల. నా చేత్తోనే పొయ్యమని ఆ కొండ మీద కలలో చెప్పినాది" అంది నల్లమ్మ.

ఆడవాళ్లు పక్కకు జరిగి దారిచ్చారు. ఆమె మొదటి బిందె పట్టి, పుడిసెడు నీళ్లు రాయి మీద చల్లి, మిగతావి చంకనెత్తుకుని ఇంటికొచ్చింది.

ఈ ఏడు మళ్లీ పాసు వచ్చింది. కాశ్మీరు పోదామంటే, "తల్లికి నీళ్లెవురు పోస్తారు?" అంటోంది. ఇప్పుడు నేనూ రోజూ పొద్దున్నే పోయి, కాశ్మీరుకు పంపించు తల్లీ అని, ఆ రైల్వే కంకర రాయికే మొక్కుకుంటున్నాను.