చింతపండుతో తోమిన రాజు

ఒమన్‌లోని రైసూత్‌లో ఆ రూమువాళ్ళకు అలారంతో పనిలేదు. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి, దేవుడి గూట్లో ఉన్న వెండి నాణెం మీద సుత్తి దెబ్బ ఒకటి ఖంగుమని మోగేది. ఆరుగురూ లేచి బాత్రూం ముందు వరుస కట్టేవారు. కొట్టిందెవరని ఎవరూ అడగలేదు. డ్యూటీకి లేచామా లేదా అన్నదే లెక్క.

పోర్టు పక్క సైట్‌లో తవ్వుతుంటే వాళ్ళలో పోచన్నకు దొరికిందది. కిరీటం పెట్టుకుని కూర్చున్న మనిషి, చుట్టూ పువ్వులు. లక్ష్మీదేవి కాక ఇంకెవరు? నాలుగేళ్ళుగా ప్రతి శుక్రవారం రూమ్మేటు ఇస్తారి దాన్ని చింతపండుతో తళతళలాడేలా తోమి, కుంకుమ పెడుతున్నాడు.

డ్రైవర్ రషీద్ ఒకప్పుడు మస్కట్‌లో పాత నాణేల సేఠ్ దగ్గర పనిచేసినవాడు. ఒకరోజు రూముకొచ్చి, నాణెం చూస్తూనే నెత్తి కొట్టుకున్నాడు.

"లక్ష్మి కాదు భాయ్, ఏడువందల ఏండ్ల కిందటి ఫ్రాన్స్ రాజు! వెండి బిళ్ళను అచ్చు మీద పెట్టి సుత్తితోని కొట్టేటోళ్ళు. ఆ లిల్లీ పువ్వు రాజుల గుర్తు. తోమి తోమి మొఖం అరగదీసినవ్. మొఖం లేకుంటే రాజు ఊకుంటడా? ఇంకోనిది అచ్చేసుకుంటడు."

ఇస్తారి మళ్ళీ దాన్ని ముట్టలేదు. కానీ మర్నాటి దెబ్బకు నాణెం మీద తమ్మె తెగిన చెవి ఒకటి లేచింది. అతను తన చెవి తడుముకున్నాడు. చిన్నప్పుడు తెగిన గుర్తు మాయమై, నున్నగా ఉంది. తర్వాత ముక్కు, ఆ తర్వాత గడ్డం.

"అచ్చం నీ లెక్కనే! అమ్మ నీ మీద దయ చూపింది" అన్నాడు పోచన్న.

ఫోన్లో భార్య శ్రీలత, "నెట్ మంచిగ లేదా? నీ మొఖం మసక మసక కనవడ్తుంది" అంది. ఇస్తారి లైటు దగ్గరికి జరిగాడు. ఆమె పక్కనుంచి సంధ్య తొంగిచూసింది. అతను గల్ఫ్ వచ్చాక పుట్టిన బిడ్డ, ఇంతవరకు ఎత్తుకోలేదు. శుక్రవారమే టికెట్టు. ఆ ఒక్కరోజు దాకా ముఖం నిలిస్తే చాలనుకున్నాడు.

ఎయిర్‌పోర్టులో కెమెరా ముందు నాలుగుసార్లు నిలబెట్టారు. ఆఫీసరు పాస్‌పోర్టు ఫోటో చూసి, అతన్ని చూసి, "యే కౌన్ హై?" అన్నాడు.

తన ముఖం నాణెం మీద భద్రంగా ఉంది కదా! తెచ్చి చూపిస్తే సరి. ఫ్లైటుకింకా మూడు గంటలుంది. టాక్సీలో రూముకు పరుగెత్తాడు.

పోచన్న నల్లా దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతుల నిండా చింతపండు పులుసు. అరచేతిలో నాణెం మెరుస్తోంది. కిరీటం ఉంది, పువ్వులున్నాయి, మధ్యలో అంతా నున్నటి వెండి.

పోచన్న తలెత్తి, కొత్తవాళ్ళను పలకరించినట్టు మర్యాదగా నవ్వాడు.

"మా ఇస్తారి ఇయ్యాల ఇంటికి పోయిండు. సల్లగ చేరాలని గట్టిగ తోమిన. ఇంతకు మీరెవరన్నా?"