హీటరు గాలి

మూడోసారి కొట్టినా ఫ్యాను తిరగలేదు. మస్తానయ్య వేపకర్రను చంకలో పెట్టుకుని, వంగి, రేడియేటరు వెనకగా అరచెయ్యి చాచి చూశాడు. గాలి లేదు. బోరు లారీ మీద ఇరవై ఏళ్ళు పనిచేసినందుకు అతనికి ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది సగం మిగిలింది. అందుకని ఇంజను సంగతులు చెవితో కాక చేత్తో తెలుసుకోవడం అలవాటైంది. బానెట్టు మీద చెయ్యి ఆనించి ఎక్కడ కుంటుతోందో చెప్పగలడు.

రెండు నెలలుగా ఇదే వరస. ఫ్యాను మోటారుకు లోపల కరెంటు అందించే బొగ్గుముక్కలు అరిగిపోయాయి. ఏసీ మీట నొక్కి, మోటారు నెత్తిన కర్రతో ఒకటి వేస్తే అవి కదిలి లోపల తిరిగే చక్రానికి మళ్ళీ అంటుకునేవి. ఫ్యాను ఉలిక్కిపడినట్టు వణికి, గిర్రున తిరిగేది. ఇక సాయంత్రం దాకా బెంగ లేదు.

మార్కాపురంలో మెకానిక్కు జీవన్ కుమార్ కొత్త మోటారు వెయ్యాలన్నాడు. అది ఒంగోలు నుంచి రావాలి, బండి మూడు రోజులు షెడ్డులో ఉండాలి. ఖర్చు తానిస్తానని బండి యజమాని గోపాలకృష్ణ అప్పుడే చెప్పాడు. వాయిదా వేస్తూ వచ్చింది మస్తానయ్యే. కొనకనమిట్ల పక్క పల్లెల నుంచి డయాలసిస్‌కు వెళ్ళేవాళ్ళు ఇద్దరు అతని బండిలోనే పోతారు. సోమ, బుధ, శుక్రవారాలు. మూడు రోజులు బండి ఆగితే వాళ్ళకు ఒక వంతు తప్పుతుంది.

“ఏంది అల్లుడా, పొద్దున్నే దాన్ని కొడతాండావు?”

రోశమ్మ చీకటి విచ్చుతున్న వీధిలో నిలబడి ఉంది. అరవై దాటిన మనిషి, బడిపిల్లంత ఉంటుంది. పాదాలు మాత్రం ఉబ్బి, చీలమండల గుర్తు లేకుండా పోయాయి. ఎడమ ముంజేతి మీద సూదులు గుచ్చే నరం తాడులా లేచి ఉంది.

“బడికి పోనని మొండికేసింది అత్తా.”

“కొడితే ఏం పోతాది. బుజ్జగించు.”

మస్తానయ్య బానెట్టు దించాడు. బండి పరుగులో ఉంటే ఎదురుగాలే ఫ్యాను పని చేస్తుంది. ఆగితేనే చిక్కు. దానికీ డ్రైవర్లకు ఒక ఉపాయం తెలుసు. హీటరు నిండా తిప్పి పెడితే ఇంజను వేడి కొంత మనుషుల మీదికి మళ్ళుతుంది, ఇంజను కాస్త ఊపిరి తీసుకుంటుంది. ఏప్రిల్ నెలాఖరు. అతను అద్దాలన్నీ దించి, రోశమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టి, అయిదు లీటర్ల నీళ్ళ క్యాన్లు రెండు ఆమె కాళ్ళ దగ్గర పెట్టాడు. ఏడింటికి మార్కాపురం ఆసుపత్రిలో ఉండాలి. అరగంట దాటితే మంచం వెనకవాళ్ళకు పోతుంది.

క్రాసు రోడ్డులో ఎజ్రా ఎక్కాడు. నలభై అయిదేళ్ళవాడు, పలకల గనిలో రాయి చీల్చిన చేతులు. ఎక్కీ ఎక్కగానే కండువాతో మొహం తుడుచుకున్నాడు.

“అన్నా, ఇది బండా, బట్టీనా?”

“ఫ్యాను పోయింది ఎజ్రా. ఈ ఒక్క పూట ఓర్చుకో.”

“మా ఆయన ఉన్నప్పుడు పొయ్యి కాడ ఇంతకన్నా ఎక్కువే ఓర్చుకున్నా,” అంది రోశమ్మ. “నువ్వు నడుపు.”

ఇంజను వేడి చూపే ముల్లు మధ్యలోనే నిలిచింది. మస్తానయ్య గుంతల దగ్గర కూడా వేగం తగ్గించలేదు. రైలు గేటు కనపడేదాకా అంతా బాగానే ఉంది. గేటు వేసి ఉంది. ఇంజను ఆపాడు. గూడ్సు బండి పోయింది, గేటు లేవలేదు. ఎదురు రైలు కోసం ఉంచారు. అది కూడా పోయాక లారీల వెనక అడుగడుగునా ఆగుతూ పట్టాలు దాటి ఎత్తు ఎక్కేసరికి ముల్లు ఎర్రగీతను తాకింది. బానెట్టు అంచుల నుంచి ఆవిరి లేచింది. అతను బండిని పలకరాయి ముక్కలు పోసిన గుట్ట పక్కకు దించి ఆపాడు.

ఎంత తొందరైనా రేడియేటరు మూత ఇప్పుడు తీయకూడదు. తీస్తే మరిగే నీళ్ళు మొహాన కొడతాయి. మస్తానయ్య బానెట్టు ఎత్తి పక్కన నిలబడ్డాడు.

అప్పుడే మార్కాపురం పోయే ఆటో ఒకటి నెమ్మదించింది. వెనక ఇద్దరికి చోటుంది.

“వస్తారా?” అన్నాడు డ్రైవరు.

మస్తానయ్య రోశమ్మ పాదాలు చూశాడు. ఆటోలో ఇరుకు బల్ల చూశాడు. ఆవిరి పలచబడుతున్నట్టే ఉంది.

“పది నిమిషాల్లో బయల్దేరతాం. నువ్వు పో నాయనా.”

“అవును పో,” అంది రోశమ్మ. “ఆ కుదుపులు నా వల్ల కాదు. మన బండే మేలు.”

పది నిమిషాలు కాదు, నలభై పట్టింది. ఆ తర్వాత వచ్చిన ఆటోలన్నీ జనంతో నిండి ఉన్నాయి. చివరికి తడిగుడ్డ వేసి మూత తిప్పి, క్యాను వంచి పోశాడు. నీళ్ళు గుటగుటమంటూ లోపలికి పోయాయి. రెండో క్యాను కూడా సగం పట్టింది. రోశమ్మ కిటికీలోంచి రెప్ప వేయకుండా చూసింది. ఆమెకు డాక్టరు రోజంతటికీ అర లీటరే రాశాడు, మించితే నీళ్ళు ఒంట్లోనే నిలిచి బరువు పెరుగుతుంది.

“నాకు పూటకు రెండు గుక్కలు. దానికి క్యాన్లకు క్యాన్లు. దాన్ని తిట్టేవాళ్ళే లేరు.”

“ఆడికి పోయినాక దాన్ని గూడా తూకమెయ్యమందాంలే పెద్దమ్మా,” అన్నాడు ఎజ్రా. “ఎన్ని కిలోలు పెరిగిందో. సిస్టరు దాన్ని గూడా వదిలిపెట్టదు.”

ముగ్గురూ నవ్వారు. మస్తానయ్య నవ్వుతూనే రోడ్డు వైపు చూశాడు.

డయాలసిస్ గదికి చేరేసరికి ఏడుముప్పావు దాటింది. సిస్టరు ప్రియదర్శిని తలుపు దగ్గరే ఎదురైంది. లోపల ఇంకెవరో చెప్పులు విప్పి తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు.

“బండి ఆగిపోయింది సిస్టరు. వాళ్ళ తప్పు కాదు. నాది,” అన్నాడు మస్తానయ్య.

“ఇప్పుడు నేనెవర్ని లేపేది, నువ్వే చెప్పు.” ఆమె కాగితాలు తిరగేసింది. “ఇద్దరికీ రెండున్నర గంటలు పెడతా. నాలుగు కుదరదు. మిగతాది బుధవారం చూద్దాం.”

రోశమ్మ తూకంలో మూడు కిలోలు ఎక్కువుంది. ఆమె దొంగతనం బయటపడినట్టు తల వంచుకుంది.

మస్తానయ్య నడిచి జీవన్ కుమార్ షెడ్డుకు వెళ్ళాడు.

“మోటారు తెప్పించు. రేపు బండి తెస్తా.”

“రెండు నెలల కిందనే చెప్పినా గదా బాబాయ్.”

“చెప్పినావు.”

తిరిగి వచ్చి వరండా బల్ల మీద కూర్చున్నాడు. అద్దంలోంచి రోశమ్మ మంచం కనపడుతోంది. ఆమె పొలంలో బోరు వేసిన లారీకి డ్రైవరు తనే. నాలుగు గుంతల్లో తెల్ల దుమ్ము లేచింది. అయిదో గుంతలో ఆరు వందల అడుగుల దగ్గర నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు ఎగిరాయి. రోశమ్మ లారీ ముందు టెంకాయ కొట్టి, అందరికీ కోడికూర వండి పెట్టింది. ఆ నీళ్ళతో బత్తాయి తోట పెరిగింది. ఇంటిల్లిపాదీ అవే తాగారు. ఊళ్ళో ఒకరి తర్వాత ఒకరికి కిడ్నీలు పోవడం మొదలైనాక కొందరు నీళ్ళన్నారు, కొందరు కూలి నొప్పులకు మింగిన మాత్రలన్నారు. ఇదీ అని తేలలేదని డాక్టరు అన్నాడు. మస్తానయ్య ఎవరినీ ఏమీ అడగలేదు. బోరు లారీ మానేసిన మరుసటి ఏడు గోపాలకృష్ణ ఈ పెద్ద బండి కొని డ్రైవరు కోసం వెతుకుతుంటే, డయాలసిస్ వాళ్ళను తీసుకుపోయే పని తనకిమ్మని అడిగి తీసుకున్నాడు.

పదకొండున్నరకు బయల్దేరారు. బయట వడగాలి మొదలైంది. డయాలసిస్ తర్వాత ఎప్పటిలాగే రోశమ్మకు ఒంట్లో వణుకు పట్టుకుంది. ఈసారి ముందు సీట్లో కూర్చుంటానంది. మస్తానయ్య హీటరు తిప్పగానే ఆమె మొహం తేటపడింది.

“ఇదేదో పొద్దున తిట్టుకున్నా గానీ, హాయిగా ఉండాది అల్లుడా.”

ఎదురుగా గాలి బయటికి వచ్చే మూతలో ప్లాస్టిక్ రెక్కల్ని ఆమె చూపుడువేలితో తోసి చూసింది. మొదట చేతుల మీదికి తిప్పుకుంది. తర్వాత గుండెల మీదికి. ఎజ్రా వెనక సీట్లో చెమటలు కారుస్తూ నిద్రపోయాడు. క్రాసు రోడ్డులో దిగుతూ, “బుధవారం కనపడతా పెద్దమ్మా,” అన్నాడు. ఆమె తల ఊపింది.

ఎడమవైపు నుంచి మాట వినపడదు గనక మస్తానయ్య మధ్యమధ్య మొహం తిప్పి ఆమె పెదవులు చూస్తున్నాడు.

“ఆ పొద్దు నీళ్ళు పడినాయే,” అంటోంది రోశమ్మ, “ఎంత సల్లగా ఉండాయో. దోసిలి పట్టి తాగినా. మా ఆయన చాలు చాలంటాడు. కడుపు నిండి, నిలబడలేక కూలబడి, మళ్ళా తాగినా.”

“గుర్తుండాది అత్తా.”

“నువ్వే గదా తెచ్చింది.”

అతను చూపు రోడ్డు మీదికి తిప్పుకున్నాడు. రాళ్ళపల్లి మలుపులో గొర్రెల మంద అడ్డం వచ్చింది. కాపరి అదిలిస్తున్నా అవి తోసుకుంటూ, ఆగుతూ, రోడ్డంతా నిండిపోయాయి. ముల్లు మళ్ళీ పైకి జరిగింది. మంద దాటాక అతను బండిని చింతచెట్టు నీడకు తీసి ఇంజను ఆపాడు. దిగి బానెట్టు ఎత్తి, చేతిని ఇంజను మీదుగా ఉంచి వేడి తగ్గడం కోసం నిలబడ్డాడు. ఇప్పుడు తొందర లేదు. పక్కకు వంగి కిటికీలోంచి చూస్తే రోశమ్మ తల పక్కకు వాల్చి నిద్రపోతోంది. రేడియేటరు మూత చప్పుడు కాకుండా తీసి, మిగిలిన నీళ్ళు పోశాడు. ఇంజను చల్లబడ్డాక కూడా వెంటనే స్టార్టు చేయలేదు. పాపం, కాసేపు పడుకోనీ అనుకున్నాడు.

కిటికీలోంచి చింతాకులు ఆమె ఒళ్ళో రాలాయి. ఒకటి పెదవి మీద పడింది. ఆమె దాన్ని తీసుకోలేదు.

మస్తానయ్య తలుపు తెరిచి, అరచేతిని ఆమె ముక్కు దగ్గర ఉంచాడు. పొద్దున ఫ్యాను దగ్గర ఉంచినట్టే చాలాసేపు ఉంచాడు. తర్వాత పెదవి మీది ఆకు తీసి, పైట సరిచేసి, తన సీట్లోకి వచ్చి కూర్చున్నాడు. ఊరు ఇంకా నాలుగు కిలోమీటర్లు. అంత నెమ్మదిగా అతను ఎప్పుడూ బండి నడపలేదు.

మంగళవారం మట్టి చేశారు. మస్తానయ్య పాడె మోసి, అటునుంచి అటే బండిని షెడ్డులో వదిలాడు.  బయల్దేరుతుంటే రోశమ్మ కొడుకు, “రెండేళ్ళు తిప్పినావు, నీ రుణం తీరేది కాదు బావా,” అన్నాడు. మస్తానయ్య ఎడమ చెవి అతని వైపు తిప్పి బండెక్కాడు.

శుక్రవారం క్రాసు రోడ్డులో ఎజ్రా ఎదురుచూస్తున్నాడు.

“బుధవారం ఎట్ల పోయినావు?” అడిగాడు మస్తానయ్య.

“బస్సులో పోయినా అన్నా. చేతి మీద నరం చూసి సీటిచ్చినారు. ఆరున్నరకే దింపినాడు. బాగానే ఉండాది.”

ఎజ్రా వెనక తలుపు తీసి ఎక్కాడు.

“ముందు కూర్చో ఎజ్రా.”

“వద్దులే అన్నా. ఈడనే బాగుంది.”

గేటు దగ్గర మళ్ళీ ఆగారు. కొత్త ఫ్యాను దానంతటదే తిరగడం మొదలుపెట్టింది. స్టీరింగు మీద చేతులకు ఆ అదురు సన్నగా తెలిసింది. ముల్లు కదల్లేదు. వెనక ఎజ్రాకు తగిలేట్టు ఏసీ పెట్టి, అతను తన ముందున్న గాలి మూతలు ఒక్కొక్కటీ పైకి తిప్పాడు. ఎడమ చివరి దాని దాకా చెయ్యి చాచి, వెనక్కి తీసుకున్నాడు. దాని ప్లాస్టిక్ రెక్కలు ఖాళీ సీటు వైపు, ఒక చిన్న మనిషి గుండెల ఎత్తుకు, కిందికి వంగి ఉన్నాయి.