హస్తలాఘవానికి సున్నా మార్కులు

ఆళ్లగడ్డలో యాకోబు ఉలి పట్టి ముప్పై ఏళ్లయింది. చెక్కిన దేవుళ్ల లెక్క ఆ దేవుళ్లకే తెలియాలి. ఇప్పుడు రాతిదుమ్ము అతని ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టింది. ఆ దుమ్ములో కూర్చోవడం మానకపోతే మనిషి దక్కడని డాక్టరు తెగేసి చెప్పాడు. సరిగ్గా అప్పుడే నంద్యాలలోని ఒక శిక్షణ కేంద్రంలో శిల్పం నేర్పే ఉద్యోగం ఖాళీ పడింది. దూరంగా నిలబడి చెబితే చాలు. భార్య లూదియా అతని తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి బస్సెక్కించింది.

ఇంటర్వ్యూ గదిలో యాకోబు తను చెక్కిన గుప్పెడంత నల్లరాతి నెమలిని బల్లమీద పెట్టాడు. పరీక్షాధికారి వరదరాజులుగారు దాన్ని కాగితాలు ఎగిరిపోకుండా వాటిమీద పెట్టుకున్నారు. పాపం, మహా పండితులు. ఉలిని ఫొటోల్లో చూసినవారు.

"హస్తలాఘవం అంటే ఏమిటయ్యా? మీ చేతిపనికి చెందిన మాటే."

"ఆ మాట ఇప్పుడే ఇంటాండా సార్. మా పనిలో అయితే సుత్తె బరువు రాయికి తెలీకుండా కొట్టాల. ఆ నెమలి ముక్కు కాడ అట్లనే కొట్టినా."

"నిర్వచనం అడిగితే నెమలి కథ చెబుతావేం?"

సున్నా వేశారు.

తరువాత లోపలికెళ్లిన సందీప్ అనే కుర్రాడి గొంతు బయటి బెంచీదాకా వినిపించింది. "హస్తము అనగా చేయి, లాఘవము అనగా తేలికదనము. వెరసి చేతి నేర్పు." అతని అరచేతులు వెన్నముద్దలు. ఉద్యోగం ఆ వెన్నముద్దలకే దక్కింది. చేతి నేర్పు నేర్పడానికి చేతులెందుకు, నోరుంటే చాలదూ!

నెల తిరక్కముందే ఆ కేంద్రం బంట్రోతు మద్దిలేటి ఆళ్లగడ్డకు వచ్చాడు. కొత్త మాస్టారికి సన్మానమట. రాతిపలక మీద 'హస్తలాఘవ శిరోమణి శ్రీ సందీప్' అని చెక్కాలట. అంతటి శిరోమణి తన పలక తనే చెక్కుకోవచ్చు కదా అని యాకోబు నాలుక చివరిదాకా వచ్చింది. పలక కొలతలు మాత్రం అడిగాడు.

"మళ్లా ఆ దుమ్ములోనే కూచుంటాండావా?" అంది లూదియా.

"కూచోకుంటే పొయ్యి ఎట్ల రగుల్తాది?"

రెండు రోజులు దగ్గుతూ చెక్కాడు. దగ్గు వచ్చిన ప్రతిసారీ ఉలిని రాయికి దూరంగా తీసుకున్నాడు. ఒక్క అక్షరం అంచు కూడా రాలలేదు.

పలక తీసుకోవడానికి వచ్చిన మద్దిలేటి అక్షరాలమీద వేలు పోనిచ్చాడు. "ఏందన్నా, ఇంత నున్నగా ఉండాది. ఈ పెద్ద మాటకు అర్థమేంది?"

"నాకు తెల్దప్పా," అన్నాడు యాకోబు, రొమ్ము పట్టుకుని. "తెలిసిన ఆయప్ప పేరు దాని పక్కనే చెక్కినా, సూడు."